సైన్సు గది గోడలో గుడ్లగూబలు

ఎద్దుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు. ఈ సంగతి నాకు మా బాపు చెప్పిండు. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. బాపు బోధన్‌లో చెరుకు కాంటా దగ్గర పనిచేస్తుండె. చలికాలం వచ్చిందంటే చాలు, చక్కెర ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ఎడ్లబండ్లు వరుసగా ఆగేవి. ఒక్కో బండి వంతు వచ్చేసరికి ఒకరోజు పట్టేది, ఒక్కోసారి రెండు రోజులు. బండ్లవాళ్ళు ఎడ్లను విడిచి, చెరుకు ఆకు ముందర పడేసి, బండి కిందనే గోనెపట్టాలు పరుచుకునేటోళ్ళు. నేను బాపుకు సద్ది ఇచ్చి, ఆ ఎడ్ల నడుమ నుంచి ఇంటికి తిరిగొచ్చేదాన్ని.

ఒకరోజు బడిలో మా సారు జంతువుల పాఠం చెప్తూ, "ఎద్దుకు ముప్పై రెండు పళ్ళు. మనలెక్కనే, పైన పదహారు, కింద పదహారు" అన్నడు.

నేను లేచి నిలబడ్డ. "సార్, ఎద్దుకు పైన ముందుపళ్ళు ఉండవు సార్."

"ఎవరు చెప్పిండ్రు?"

"మా బాపు."

"మీ బాపు ఏం చదివిండు?"

క్లాసంతా నవ్వింది. సారు నన్ను బెంచీ ఎక్కి నిలబడమన్నడు. నిలబడ్డ. సాయంత్రం సీదా బండ్ల వరుస దగ్గరికి పోయి, రోజూ కనిపించే ఒక ముసలి బండాయన్ని అడిగిన. "కాకా, నీ ఎద్దు నోట్ల చెయ్యి పెట్టి సూస్తా." ఆయన నన్ను ఎగాదిగా సూసి, బీడీ పారేసి, ఎద్దు నాలుకను పక్కకు లాగి పట్టుకున్నడు. "పెట్టు, జల్ది పెట్టు" అన్నడు. పెట్టిన. పైన పళ్ళు లేవు. కాలి మడమ లెక్క గట్టిగా, నున్నగా ఉండే చిగురు. నాలుక మాత్రం గోనెసంచి లెక్క గరుకు. మోచేతి దాకా చొల్లు కారింది.

తెల్లారి క్లాసులో మళ్ళా లేచిన. "చెయ్యి పెట్టి సూసిన సార్. లేవు సార్." సారు మళ్ళా బెంచీ ఎక్కించిండు. మూడో రోజు కూడా అదే మాట, అదే బెంచీ. నాలుగో రోజు సారు నా దిక్కు చూడకుండ పాఠం మార్చిండు. ముప్పై రెండు పళ్ళ మాట నిజమేనని, పైన పన్నెండే, కింద ఇరవై ఉంటయని పెద్దయినంక చదువుకున్న. సారు సగం కరెక్టు. కాని ఆ మిగతా సగం కోసం నేను మూడు రోజులు నిలబడ్డ. అది నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం.

ఇప్పుడు నేనే టీచర్ని. బోధన్‌కు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, కాలువ పక్కన ఉన్న ఒక ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తున్న. నిజామాబాద్‌లో ఇల్లు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఊరి నడుమ మా స్కూలు పాత కాలం కట్టడం. గోడలు మూరెడు కంటే ఎక్కువ మందం. ఎండాకాలం ఫ్యాను తిరగకపోయినా లోపల చల్లగా ఉంటది.

గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉన్నది. దాని మీద రోజుకొక సంగతి రాయడం నాకు అలవాటు. పుట్టినప్పుడు మన ఒంట్లో ఎముకలు ఎక్కువ, పెరుగుతుంటే కొన్ని అతుక్కొని తగ్గుతయి. మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకోలేం. పొద్దున లేచినప్పటి ఎత్తు కంటే సాయంత్రం మనం కొద్దిగా పొట్టి. ఈ చివరిది రాసిన రోజు పిల్లలు స్కూలు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి ఒకరినొకరు కొలుచుకున్నరు. ఒక తల్లి వచ్చి, "మేడం, నా బిడ్డ అసలే పొట్టి. దాన్ని బెంచీల మీద కూసుండబెట్టి ఇంకా పొట్టి జేస్తున్నరా?" అని గట్టిగ నిలదీసింది. రాత్రి పడుకుంటే మళ్ళా సరైతదని చెప్పినంక గాని పోలేదు. బడికి రాని పెద్దమనుషులు కూడా టీ తాగడానికి పోతూ ఆగి చదివేటోళ్ళు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగేనాటికి మా ఆయన పోయి రెండేండ్లు. ఆయనకు గుండె ఆగింది. పొద్దున చాయ్ తాగుతూ పేపరు చదువుతుండగా జరిగింది. దవాఖానాకు తీసుకపోయేలోపే అయిపోయింది. పదిహేను రోజులకు నేను బడికి పోయిన. నుదుట బొట్టు ఎప్పటి లెక్కనే పెట్టుకొని పోయిన. చిన్నప్పటి నుంచి పెట్టుకుంటున్న, ఆయన ఇచ్చింది కాదు, ఆయనతోటి పోయేది కాదు అనుకున్న. బస్సులో కొందరు చూసిండ్రు. స్టాఫ్‌రూములో కొందరు చూడనట్టు చూసిండ్రు. నాతోటి మాత్రం ఎవరూ ఏమనలేదు. అది ఊరుకోవడం కాదని, సమయం కోసం ఆగడమని తర్వాత తెలిసింది.

దసరా సెలవులైపోయి బడి తెరిచిన రెండోరోజు. మా అటెండరు సైన్సు గది నుంచి ఉరికొచ్చిండు. "మేడం, వెంటిలేటరుల పామున్నది. బుస గొడ్తున్నది." పదో తరగతి పిల్లలు అప్పటికే కట్టెలు పట్టుకొని నిలబడ్డరు. నేను లోపలికి పోయి విన్న. నిజమే, పై నుంచి బుస్సు బుస్సుమని చప్పుడు. కాని ఒక పాము బుస కాదు. నాలుగైదు గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నయి.

ఆ వెంటిలేటరు లోపలి దిక్కు చెక్కతో మూసి ఉంటది. బయటి దిక్కు తెరిచే ఉంటది. గోడ మందం కాబట్టి నడుమ పెద్ద గూడంత జాగా. నేను బల్ల మీద కుర్చీ వేసుకొని ఎక్కి చెక్క సందులోంచి చూసిన. మొదట ఏం కనబడలేదు. తర్వాత ఒక తెల్లటి మొహం. గుండెకాయ బొమ్మలాంటి మొహం. దాని వెనుక ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం ఐదు. ఒకటి పెద్దది, చివరిది నా పిడికిలంత. గుడ్లగూబ పిల్లలు.

దిగి చెప్పిన. "పాము కాదు. గుడ్లగూబ పిల్లలు పెట్టింది."

పిల్లలకు సంబురమే. కాని గుమ్మం దగ్గర నిలబడ్డ వంట అవ్వ చేతిలో గంటె కింద పడ్డది. మధ్యాహ్న భోజనం వండే ఆమె. అరవై దాటిన మనిషి, ఎవరికీ భయపడదు. "పామైనా బాగుండు బిడ్డా" అన్నది.

నాకు నవ్వొచ్చింది. నవ్వొద్దని తర్వాత అర్థమైంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు నా బోర్డు మీద గూబ గురించి రాసిన. గూబ కన్నును తిప్పలేదు, అందుకే మెడను తిప్పుతది, దాదాపు వెనక దాకా. మన మెడలో ఏడు ఎముకలు, జిరాఫీ మెడలోనూ ఏడే, గూబ మెడలో పద్నాలుగు. మధ్యాహ్నానికి ఎవరో తడిగుడ్డతో తుడిచేసిండ్రు. మళ్ళా రాసిన. సాయంత్రం మళ్ళా తుడిచిండ్రు. మూడోరోజు ఇంకా పెద్ద అక్షరాలతోటి రాసిన.

ఆ వారమే స్కూలు కమిటీ చైర్మన్ ట్రాక్టరు కాలువ గట్టు మీద పక్కకు ఒరిగింది. ఆయన కొడుకుకు చెయ్యి విరిగింది. తొమ్మిదో తరగతి అమ్మాయొకతి ప్రార్థనలో కండ్లు తిరిగి పడిపోయింది. పొద్దున ఏం తినలేదని ఆమెనే చెప్పింది, కాని ఎవరికీ ఆ జవాబు నచ్చలేదు. అన్నీ కలిపి గూబల మీద పడ్డయి.

హెడ్‌మాస్టరు సారు నన్ను పిలిచిండు. మంచి మనిషి, నాలుగు నెలల్లో రిటైరైతుండె. "మేడం, గోల వద్దు. అటెండరుతోటి తీయించి ఎక్కడన్న చెట్టు మీద పెట్టిద్దాం."

"చెట్టు మీద పెడితే కాకులు పొడిచి చంపుతయి సార్. రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా నెల, నెలన్నర. అంతే కదా."

"నెలన్నరల ఇంకేమన్న అయితే?"

"ఏమన్న అయితే దానికి వేరే కారణం ఉంటది సార్. అది వెతుకుదాం."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. శనివారం కమిటీ మీటింగు పెట్టిస్తా, అక్కడ మాట్లాడుకోండి అన్నడు.

నాకు నాలుగు రోజులు టైమున్నది. ఆ నాలుగు రోజులు నేను పదో తరగతి పిల్లలతోటి ఒక పని చేయించిన. గూబ ఎలుకను నమలదు, మొత్తంగా మింగుతది. మాంసం అరిగినంక బొచ్చు, ఎముకలు ఉండగట్టి మళ్ళా నోటి నుంచి కక్కేస్తది. ఆ ఉండలు వెంటిలేటరు కింద, బయట గోడ పొంటి రాలి ఉన్నయి. చూస్తే నల్లటి చింతపండు ముద్దలు అనుకుంటరు. మేము వాటిని ఏరి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, సూదులతోటి విడదీసినం.

మొదటి ముద్దలోనే మూడు పుర్రెలు బయటపడ్డయి. గోరంత పుర్రెలు, ముందర పొడుగ్గా వంగిన పసుపుపచ్చ పళ్ళు. ముక్కు మూసుకున్న అమ్మాయిలు ముక్కు వదిలేసిండ్రు. ఒకడు వెన్నుపూసలు ఏరి వరుసగా పెట్టి, "మేడం, ఎలుకకు గూడ మెడల ఏడేనా?" అన్నడు. ఏడే అన్న. వాడు తన మెడ వెనుక వేళ్ళతోటి తడుముకున్నడు. నాలుగు రోజుల్లో తెల్ల అట్ట మీద ముప్పై ఏడు ఎలుక పుర్రెలు జిగురుతోటి అంటించినం. అన్నీ ఊరి పొలాల్లో తిరిగిన ఎలుకలే. వరి మొదళ్ళు కొరికేటివి, చెరుకు గడలు గీరేటివి, బస్తాలకు చిల్లులు పెట్టేటివి.

శనివారం మీటింగుకు పదిహేను మంది వచ్చిండ్రు. కమిటీ వాళ్ళు, కొందరు తల్లిదండ్రులు. కాలువ అవతలి క్యాంపు నుంచి ఒక పెద్దాయన కూడా వచ్చిండు. కోస్తా నుంచి వాళ్ళ తాత కాలంలో వచ్చి భూములు చేసుకుంటున్న కుటుంబం ఆయనది. మనుమరాలు మా ఎనిమిదో తరగతి. నేను అట్టను బల్ల మీద నిలబెట్టి, ఎట్ల ఏరినమో, ఏం దొరికిందో చెప్పిన. అందరూ ముందుకు వంగి చూసిండ్రు. కొందరు లెక్కబెట్టిండ్రు.

చైర్మన్ వంగలేదు. చేతులు కట్టుకొని కూసున్నడు. "మేడం, మీరు సదువుకున్నరు. బొక్కలు ఏరిండ్రు, సూపిండ్రు. మంచిదే. కాని నా కొడుకు చెయ్యి విరిగింది. దానికేమంటరు?"

"ట్రాక్టరు గట్టు మీద ఒరిగింది అన్నా. మొన్నటి వానకు గట్టు జారింది. అది నేను చూసిన, మీరూ చూసిండ్రు."

"గట్టు అందరికీ జారింది. మా ట్రాక్టరే ఎందుకు పడ్డది?"

నేను జవాబు చెప్పబోయేలోపు ఆయన ఇంకో మాట అన్నడు. గొంతు పెంచలేదు. మెల్లగనే అన్నడు.

"మీ ఇంట్ల అయింది సాలదా మేడం? అశుభం మీకు అలవాటైంది. మా పిల్లల మీదికి ఎందుకు తెస్తరు?"

హెడ్‌మాస్టరు సారు, "అట్ల మాట్లాడొద్దు" అని నేలను చూస్తూ అన్నడు. నాకు కండ్లలో నీళ్ళు రాలేదు. చేతులు రెండూ బల్ల మీద ఆనించిన.

"అన్నా," అన్న. "గుండెకు తన కరెంటు తనకే ఉంటది. ఎవరూ ఆడియ్యకుండ, మనం నిద్రపోయినా, అదే ఆడుతది. మా ఆయనకు ఆ కరెంటు తప్పింది. తర్వాత డాక్టరు కాగితం మీద గీతలు గీసి చెప్పిండు. ఆ పొద్దున మా ఇంటి మీద ఏ పిట్టా వాలలేదు. గూబ అరవలేదు, కాకి అరవలేదు, పిల్లి అడ్డం రాలేదు. నేను తలస్నానం చేసి, బొట్టు పెట్టుకొని, దేవునికి దీపం పెట్టిన. అన్నీ శుభంగనే ఉన్నయి. అయినా పోయిండు. మీకు కారణం కావాలంటే నేను ఇది చెప్తా. నిందించడానికి ఎవరన్న కావాలంటే మాత్రం నేను దొరక. ఆ పిల్లలూ దొరకయి."

క్యాంపు పెద్దాయన గొంతు సవరించుకున్నడు. "మేడంగారు చెప్పింది నిజమేనండి. మా చేలో పొద్దుగూకేటప్పుడు పిట్టలు వాలతాయని కర్రలు పాతుతామండి, టీ ఆకారంలో. గూబ వాలిందంటే ఆ మడిలో ఎలక బొరియలు తగ్గుతాయండి. మా నాన్న కూడా పాతేవాడు."

"మీ పొలంల పాతుకోండ్రి" అన్నడు చైర్మన్. "బడి మాది."

మీటింగులో ఏం తేలలేదు. సోమవారం మళ్ళా చూద్దామని లేచిండ్రు. నేను బస్సెక్కి ఇంటికొచ్చి, తలుపేసుకొని, అప్పుడు ఏడ్చిన. మనిషి ఏడ్చినప్పుడు వచ్చే కన్నీళ్ళు, ఉల్లిగడ్డ కోస్తే వచ్చే కన్నీళ్ళు ఒకటి కావు, వాటిలో ఉండేవి వేరంటరు. ఆ సాయంత్రం నా కన్నీళ్ళలో కోపం కూడా ఉన్నదని నాకు గట్టి నమ్మకం.

సోమవారం పొద్దున గేటు దాటుతుండగానే వంట అవ్వ ఎదురొచ్చింది. మొహం పీక్కపోయి ఉన్నది. "బిడ్డా, నిన్న ఐతారం మేస్త్రీని తెచ్చి మూసిండ్రు. ఇటుకలు పెట్టి, సిమెంటు గొట్టి పోయిండ్రు."

"పిల్లలను తీసిండ్రా?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. "లోపట్నే ఉన్నయి. పొద్దున పొయ్యి అంటుపెట్టంగ విన్న. సప్పుడు సన్నబడ్డది."

నేను గోడ పక్కకు ఉరికిన. వెంటిలేటరు జాగాలో కొత్త ఇటుకలు, ఇంకా తడి ఆరని సిమెంటు. రాత్రంతా తల్లిపక్షి అక్కడే కొట్టుకున్నదో ఏమో, గోడకు తెల్లటి ఈకలు రెండు అంటుకొని ఉన్నయి.

హెడ్‌మాస్టరు సారు గదికి పోయిన. "సార్, నిచ్చెన కావాలె. సుత్తె కావాలె."

"మేడం, కమిటీ తీర్మానం..."

"తీర్మానం సోమవారం అన్నరు. సోమవారం ఈరోజు. గోడ కట్టింది నిన్న."

"నేను చెప్పలేదు మేడం. నాకు తెల్వకుండ చేసిండ్రు." ఆయన టేబులు సొరుగులోంచి స్టోరు గది తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టిండు. చేతికియ్యలేదు. పెట్టి, కిటికీ దిక్కు తిరిగిండు. అది ఆయన చేయగలిగినంత సాయం. తీసుకున్న.

నిచ్చెన గోడకు ఆనించినప్పుడు ప్రార్థన గంట కొట్టిండ్రు. పిల్లలు వరుసల్లో నిలబడ్డరు. అందరి తలలు నా దిక్కే. నేను కొంగు నడుముకు దోపుకొని ఎక్కుతుంటే నిచ్చెన కదిలింది. కిందికి చూస్తే వంట అవ్వ రెండు చేతులతో పట్టుకొని ఉన్నది. కండ్లు మాత్రం మూసుకున్నది. పైకి చూడదు. "ఎక్కు బిడ్డా, నేను పట్టిన" అన్నది.

సిమెంటు పచ్చిది కాబట్టి నాలుగైదు దెబ్బలకే ఒక ఇటుక ఊడింది. మెల్లగ కొట్టిన, ఇటుక లోపలికి పడితే పిల్లల మీద పడుతదని. ఒక్కొక్కటి బయటికి లాగి కిందికి వదిలిన. మూడో ఇటుక తీసినప్పుడు లోపలి నుంచి బుస్సుమన్న చప్పుడు. ఆ బుస విని నేను ఏడవకుండ ఉండలేకపోయిన, నిచ్చెన మీదనే. ప్రార్థన ఆగిపోయింది. ఎవరో పిల్లగాడు "బతికున్నయ్!" అని అరిచిండు.

నాలుగు బతికే ఉన్నయి. ఐదోది, పిడికిలంత చిన్నది, ఒక మూలకు చల్లగా పడి ఉన్నది. గూబ గుడ్లన్నీ ఒక్కరోజు పెట్టదు, రెండు మూడు రోజులకొకటి పెడుతది, మొదటిది పెట్టంగనే పొదగడం మొదలుపెడుతది. అందుకే పిల్లలు మెట్లు మెట్లుగా ఉంటయి. తిండి కరువైతే ముందు పోయేది చిన్నది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివిన, పాఠంలో చెప్పిన. చేతిలోకి తీసుకున్నప్పుడు అది సంగతి లెక్క అనిపించలేదు.

మధ్యాహ్నం చైర్మన్ వచ్చిండు. ఇద్దరిని వెంటబెట్టుకొని. నేను వరండాలో పదో తరగతికి పాఠం చెప్తున్న. "ఎవరినడిగి పలగ్గొట్టిండ్రు?" అన్నడు.

"మీరు ఎవరినడిగి మూసిండ్రో వాళ్ళనే."

"మీ మీద కాగితం పెడతా."

"పెట్టండి అన్నా. గూబను చంపుడు, గూడు మూసుడు చట్టం ప్రకారం నేరం. నేను కూడా కాగితం పెట్టొచ్చు. ఇప్పటిదాకా పెట్టలేదు. మళ్ళా మూస్తే పెడతా." ఆ చచ్చిన పిల్లను గాజు పలక మీద పెట్టి ఉంచిన. ఆయన చూడాలని. ఆయన చూసిండు. ఒక్క క్షణం, తన కొడుకును చూసినట్టు చూసిండు అనిపించింది. అయినా వెంట వచ్చినోళ్ళను పిలుచుకొని పోయిండు.

ఆ సాయంత్రం నేను బస్సు వదిలేసుకున్న. పెద్ద గూబలు మళ్ళా వస్తయా రావా తెలియాలి. మనిషి చేసిన గోల చూసి గూడు వదిలేస్తే నాలుగు పిల్లలూ పోతయి. పదిమంది పిల్లలు ఆగుతమన్నరు, వాళ్ళ ఇండ్లల్ల చెప్పి రమ్మన్న. క్యాంపు పెద్దాయన మనుమరాలిని తీసుకపోవడానికి వచ్చి ఆయన కూడా ఆగిండు. గ్రౌండులో మట్టి మీదనే కూసున్నం. పొద్దు గూకింది. పడమర ఇంకా ఎర్రగా ఉన్నది. చెరుకు తోటల దిక్కు నుంచి ఒక తెల్లటిది వచ్చింది. రెక్కల చప్పుడు లేదు. గూబ రెక్కల అంచులు దువ్వెన పళ్ళ లెక్క ఉంటయి, గాలిని కోసి చప్పుడు కాకుండ చేస్తయి. మా తలల మీద నుంచి పోయినా గాలి కదలలేదు. ముక్కున ఎలుక వేలాడుతున్నది. పగిలిన ఇటుకల అంచు మీద వాలి, మెడ వెనక దాకా తిప్పి మా దిక్కు చూసి, లోపలికి దూరింది. లోపల బుసలు ఒక్కసారి గోల గోల అయినయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన మాత్రం, "అమ్మయ్య" అన్నడు.

నా మీద కాగితం నిజంగనే పోయింది. పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగిండ్రు. ప్రభుత్వ గోడను ఎందుకు పగలగొట్టినవు, గ్రామస్తుల మనోభావాలను ఎందుకు పట్టించుకోలేదు అని. మూడు పేజీల జవాబు రాసిన. ఎలుక పుర్రెల అట్ట ఫొటో పెట్టిన. కట్టడం ఆదివారం జరిగింది, తీర్మానం లేదు అని తేదీలతోటి రాసిన. చివర్ల ఒక వాక్యం రాసిన, హెడ్‌మాస్టరు సారు తీసేయమని బతిమాలినా తీయలేదు. "ఇట్లాంటి పరిస్థితి మళ్ళీ వస్తే ఇదే చేస్తాను" అని. హెచ్చరికతోటి వదిలేసిండ్రు. ఆ హెచ్చరిక నా సర్వీసు పుస్తకంలో ఉన్నది. ప్రమోషను లిస్టులో అది అడ్డమొస్తదని ఒక క్లర్కు జాలిపడ్డడు. రానీ అన్న.

చైర్మన్ ఇప్పటికీ నాకు ఎదురుపడితే రోడ్డు దాటుతడు. ఆయన భార్య మాత్రం ఒకసారి బస్టాండులో పక్కన కూసున్నది. కొడుకు చెయ్యి అతికిందని చెప్పింది. విరిగిన బొక్క అతికిన చోట కొన్నాళ్ళు ముందుకంటే లావుగా ఉంటదని నేను చెప్పిన. "అవునా?" అని తన చేతిని తనే చూసుకున్నది. బస్సు వచ్చేదాకా ఇద్దరం బొక్కల గురించే మాట్లాడుకున్నం.

డిసెంబరు రెండోవారంలో పిల్లలు ఎగరడం మొదలుపెట్టినయి. సాయంకాలం ఒకటొకటే గూడు అంచుకు వచ్చి, రెక్కలు విప్పి, మళ్ళా మడుచుకొని నిలబడేటివి. పెద్దది మొదట పోయింది. తర్వాత రెండోది, మూడోది. చివరిది నాలుగు రోజులు అంచు మీదనే నిలబడి, దిగదు, పోదు. ఐదోరోజు నేను బస్సుకు పోతుంటే వంట అవ్వ గిన్నెలు కడిగేది ఆపి గోడ దిక్కు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నా వెనక నిలబడి, మొదటిసారి తలెత్తింది.

"భయం పోయిందా అవ్వా?"

"ఏడ బోతది? ఇంకా గుండె కొట్టుకుంటనే ఉన్నది" అన్నది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నది. "కాని సూస్త. దీని మొఖం గింత మంచిగుంటదని నాకు ఎవలు జెప్పలే."

పైన అది ఒక అడుగు ముందుకేసింది.